ముందు మన ఇంటి తప్పు

మా మామ పోయిన కబురు నాకు బడిలో తెలిసింది. అనంతపురం ఆడపిల్లల హైస్కూల్లో నేను చరిత్ర చెబుతాను. తొమ్మిదో తరగతిలో పాఠం నడుస్తుండగా ఆయా తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. బయటికి వెళ్తే గొంతు తగ్గించి, "టీచరమ్మా, మీ కర్నల్ మామ పొద్దున్నే పోయినాడంట. కుర్చీలో కూచున్నోడు కూచున్నట్లే పోయినాడంట. మీ అమ్మకి ఏ మొగం పెట్టుకోని చెప్పాల్నో తెలీక నీ కాడికి పంపించినారు" అంది.

మా అమ్మకు ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. ఇంకెవరి ఇంట్లోనైనా ఇటువంటి కబురు ముందు అక్కకే చెబుతారు. మా ఇంటి సంగతి వీధి వీధంతా తెలుసు కాబట్టి ఎవరూ ఆ పనికి ముందుకు రాలేదు. చైనా యుద్ధం ముగిసిన చలికాలం నుంచి మా అమ్మ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు పేపర్లో నాలుగు వాక్యాలు వేశారు. 'లండన్‌లో ఉన్నత సైనిక విద్య అభ్యసించిన సీమ బిడ్డ, విశ్రాంత కర్నల్ కన్నుమూత' అని. ఆయన వయసు తప్పు వేశారు, ఊరు తప్పు వేశారు. లండన్ మాత్రం సరిగ్గా వేశారు. ఆ చదువు ఆయన్ని ఏం చేసిందో రాయడానికి వాళ్ళకి తెలియదు, తెలిసినా రాసేవాళ్ళు కారు. అందుకని నేను రాస్తున్నాను. ఇందులో మంచి మాటలే ఉంటాయని అనుకుని చదవడం మొదలుపెట్టిన వాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు.

మాది ఉరవకొండ పక్కన ఒక చిన్న పల్లె. వాన పడితే చెనిక్కాయ పంట, పడకపోతే ఆకాశం వైపు చూపు. మా నాయన మా చిన్నప్పుడే పోయాడు. నేనూ, నా తర్వాత పుట్టిన తమ్ముడూ, అమ్మా, ముగ్గురం అమ్మ పుట్టింటికి చేరాం. మామ అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలిటరీలో ఆఫీసరుగా చేరి ఉన్నాడు. పెళ్ళైన కొన్నాళ్ళకే అత్త పోయింది, పిల్లలు లేరు. మళ్ళీ పెళ్ళి మాట ఎవరెత్తినా, "మా అక్క పిల్లోళ్ళు ఉండారు కదప్పా, ఇంగెందుకు?" అనేవాడు. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు మా ఇంట్లో పండగ అనే మాట వేరే వాడేవాళ్ళం కాదు.

నేను బి.ఏ. చదివానంటే ఆయన వల్లే. బంధువులంతా ఒక మాట మీద నిలబడి, ఆడపిల్లకి పట్నంలో కాలేజీ ఏమిటన్నారు. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. నన్ను జీపులో కూర్చోబెట్టుకుని అనంతపురం తీసుకుపోయి, కాలేజీలో చేర్చి, సాయంత్రానికి తిరిగొచ్చి, "చేర్పించినా. ఇంగ మీరు మాట్లాడుకోండి" అన్నాడు. ఈ ఉద్యోగం, ఈ జీతం, ఈ నాలుగు అక్షరాలు రాసే ధైర్యం, అన్నీ ఆ జీపు ప్రయాణం పెట్టిన భిక్షే. ఆ కృతజ్ఞత నాకు చచ్చేదాకా ఉంటుంది. కోపం కూడా అంతే.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే మా తాత సంగతి ఒకటి చెప్పాలి. తాత ఊళ్ళో పంచాయితీలు తీర్చేవాడు. గట్టు తగాదా అయినా, ఆలూమగల తగాదా అయినా ఇద్దరినీ రచ్చకట్ట మీద కూర్చోబెట్టి, నోరు తెరిచే ముందు ఒక షరతు పెట్టేవాడు. "ముందు మీ ఇంటి తప్పు చెప్పు. ఆమీట ఎదుటోని తప్పు చెప్దువు." తన ఇంటి తప్పు చెప్పుకోని మనిషి మాట ఆ కట్ట మీద చెల్లేది కాదు. ఎవరు ఏ తప్పు ఒప్పుకున్నా దాన్ని మళ్ళీ వీధిలో ఎత్తి పొడవకూడదని కూడా కట్టడి ఉండేది. ఎత్తిపొడిచిన వాడిని ఊరు పెళ్ళికీ పేరంటానికీ పిలవదు. ఆ మర్యాదలో పెరిగిన మనిషి మా మామ. ప్రపంచమంతా ఆ రచ్చకట్టకి కట్టుబడి ఉంటుందని అనుకున్నాడు. ఇటువంటి పొరపాటు మా సీమవాళ్ళు తప్ప ఇంకొకరు చెయ్యరు.

యాభైల చివర్లో ఆయన్ని ఇంగ్లండుకు ఎంపిక చేశారు. అది మన పిల్లలు పోయే కాలేజీ వంటిది కాదు, తల నెరుస్తున్న వాళ్ళ కాలేజీ. ఎన్నో దేశాల నుంచి సైన్యంలో, నౌకాదళంలో, పోలీసు శాఖలో, హోం శాఖలో పెద్ద పదవులకు దగ్గర పడుతున్న వాళ్ళని ఏరి ఒక ఏడాది ఒకచోట కూర్చోబెడతారు. తుపాకి పట్టడం అక్కడ ఎవరూ నేర్పరు. దేశాన్ని కాపాడటమంటే దేన్ని కాపాడటం, తిండి ఎక్కడిది, రైళ్ళు ఎన్ని, రేవులు ఎవరి చేతుల్లో ఉన్నాయి, ఖజానాలో ఏముంది, ఇవన్నీ చదివిస్తారు. పొద్దున ప్రొఫెసర్లూ మంత్రులూ వచ్చి ఉపన్యాసాలిస్తారు. మధ్యాహ్నం చిన్న చిన్న జట్లుగా కూర్చుని వాదించుకుంటారు. చివర్లో ప్రతివాడూ ఒక పెద్ద వ్యాసం రాసి ఇవ్వాలి.

మామ వెళ్ళేటప్పుడు అమ్మ చెనిక్కాయల పొడి దంచి డబ్బాకెత్తింది. "ఆ దొరల తిండిలో ఉప్పూ కారం ఉండదంట, దీన్ని అన్నింటిమీదా సల్లుకో" అంది. ఆయన నిజంగానే అన్నింటిమీదా చల్లుకున్నాడు. చుట్టూ కూర్చున్న జనరళ్ళు ముందు అనుమానంగా చూసి, తర్వాత ఒక్కొక్కరే గిన్నె జరిపారట. ఆయన పక్క కుర్చీ పాకిస్తాన్ బ్రిగేడియర్‌ది. ఆ బ్రిగేడియర్‌కి ఈ పొడి ఎంత నచ్చిందంటే డబ్బా అడుగున ఉన్నదాన్ని కూడా రొట్టె ముక్కతో తుడుచుకుని తిన్నాడట. మామది అనంతపురం మసీదు వీధి ఉర్దూ, ఆయనది లాహోరు ఉర్దూ. ఒకరి ఉర్దూని ఒకరు వెక్కిరించుకుంటూ స్నేహితులయ్యారు.

ఆ కాలేజీకి ఒక నియమం ఉంది. గదిలో అన్న మాట గది దాటకూడదు. ఎవరు ఏమన్నారో పేరుపెట్టి బయట ఎక్కడా చెప్పకూడదు. మొదటి రోజే అందరి దగ్గరా మాట తీసుకున్నారు. ఆ సంగతి చెబుతూ మామ మొహం వెలిగిపోయేది. "పాపా, అచ్చం తాత రచ్చకట్టే. కుర్చీలుండాయి, అంతే తేడా."

కొండ సరిహద్దుల మీద చర్చ వచ్చిన రోజు జట్టులో ఒక్కొక్కరూ లేచి తమ దేశం ఎంత పకడ్బందీగా ఉందో, పక్క దేశం ఎంత దుర్మార్గమైనదో చెప్పుకుంటూ పోయారట. మామ వంతు వచ్చింది. "ముందు మా ఇంటి తప్పు చెబుతాను" అని మొదలుపెట్టాడు. మా దేశపు ఉత్తరపు కొండల్లో రోడ్డు ఎక్కడో కిందే ఆగిపోతుంది, పైన కాపలా ఉన్నవాడికి ఉప్పు మొదలుకొని అన్నీ మనుషుల వీపుల మీద పోవాలి, మంచులో నిలబడేవాడి కాళ్ళకి గుడ్డ బూట్లు, ఒంటికి నూలు కోటు, ఇదీ మా సంగతి, దీన్ని దిద్దుకోకుండా ఇంకొకర్ని తిట్టే హక్కు నాకు లేదు, అన్నాడు. తర్వాత పక్క కుర్చీలోంచి పాకిస్తాన్ బ్రిగేడియర్ లేచి, "అయితే మా ఇంటిది కూడా వినండి" అన్నాడట. ఆ తర్వాత మిగిలినవాళ్ళు. ఆ ఏడాది మొత్తంలో అంత నికరమైన చర్చ జరగలేదని ఆ కాలేజీ పెద్ద, ముసలి జనరల్, మామ భుజం తట్టాడట.

ఆ జట్టులోనే మన దేశం నుంచి వెళ్ళిన ఇంకొక మనిషి ఉన్నాడు. మిలిటరీ కాదు, ఢిల్లీ ఆఫీసుల మనిషి. ఆయన కూడా అదే మాట ఇచ్చి కూర్చున్నాడు. ఆయన పేరు నాకు తెలుసు. తర్వాత చాలా పెద్ద పదవిలో పనిచేసి దండలు వేయించుకున్నాడు కాబట్టి ఇక్కడ ఇంకో దండ వెయ్యను. వేరే దేశాల వాళ్ళు ఎవరూ గది మాట దాటించలేదు. రేపు మనతో యుద్ధం చెయ్యబోయే దేశం మనిషి కూడా దాటించలేదు. మనవాడు దాటించాడు.

మామ తిరిగి ఓడ దిగేసరికి ఢిల్లీ నుంచి పిలుపు సిద్ధంగా ఉంది. విదేశీయుల ముందు దేశం పరువు తీశావా అని అడిగారు. "అనలేదు" అంటే సరిపోయేది. సాక్ష్యం చెప్పడానికి ఆ ఢిల్లీ మనిషి ముందుకు వచ్చేవాడు కాదు, చాటుగా చెప్పిన మాట ఎదురుగా చెప్పే రకం కాదు. మామ, "అన్నాను. ఇక్కడ అడిగినా అదే అంటాను" అన్నాడు. ఇంకెవరు ఏమన్నారో చెప్పమంటే, "అది గది మాట, చెప్పను" అన్నాడు. ఈ విషయం మళ్ళీ ఎక్కడా, ఎవరి దగ్గరా ఎత్తనని ఆయన చేత ప్రమాణం చేయించుకున్నారు. బ్రిగేడియర్ కావలసిన మనిషిని తుప్పు పట్టిన బండ్లు పడేసే డిపోకి అధికారిగా పంపారు. పరదేశం పంపి ఏడాది పాటు చదివించింది ఆ బండ్లకి కాపలా పెట్టడానికన్నమాట.

ఆ రోజుల్లో మాకు ఇవేవీ తెలియవు. డిపో అంటే ఏదో పెద్ద హోదా అనుకున్నాం. అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది కూడా.

మా తమ్ముడు అప్పటికి మిలిటరీలో చేరాడు. మామ బూట్ల చప్పుడు వింటూ పెరిగినవాడు ఇంకెక్కడ చేరతాడు? అమ్మ వద్దని ఏడిస్తే, "నేనుండా కదక్కా" అని ఆ ఏడుపు ఆపింది మామే. తమ్ముడు ఆఫీసరై మొదటిసారి యూనిఫాంలో ఇంటికి వచ్చినప్పుడు ఊరంతా చూడ్డానికి వచ్చింది. తర్వాత రెండో సెలవుకి ఎండాకాలంలో వచ్చి, తనని ఉత్తరపు కొండలకి వేశారని చెప్పాడు. మామ కూడా వాణ్ణి చూడ్డానికి డిపో నుంచి వచ్చాడు.

అమ్మ ఉరవకొండ సంతకి పోయి గొర్రెలు కాసే కురుబవాళ్ళ దగ్గర నల్ల కంబళి కొనుక్కొచ్చింది. చేత్తో నేసింది, గరుకుగా, బరువుగా, గొర్రె వాసన కొడుతూ ఉంటుంది. మా వైపు పొలం కాపలా ఉండేవాళ్ళందరికీ వానా చలీ అన్నిటికీ అదే. అమ్మ దాన్ని ఎండలో వేసి, దులిపి, మడతపెట్టి తమ్ముడి పెట్టె మీద పెట్టింది. తమ్ముడు సిగ్గుపడుతూ మామ వైపు చూశాడు. మామ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

"అక్కా, మిలిటరీలో అన్నీ ఇస్తారు. ఈ గొర్రె వాసన కంబళి తీసకపోతే ఆఫీసర్ల మెస్సులో అందురూ నగుతారు."

"ఆడ మంచు పడతాదంట కదరా. కాళ్ళూ చేతులూ కొంకర్లు పోతాయంట."

"అన్నీ ఇస్తారక్కా."

తమ్ముడు బరువు తగ్గినట్టు నిట్టూర్చి కంబళిని అమ్మ చేతిలో పెట్టేశాడు. అమ్మ అప్పుడు నవ్వింది కూడా. ఇద్దరు ఆఫీసర్లు చెప్పాక తనకేం తెలుసనుకుంది.

ఆ చలికాలం ఏం జరిగిందో దేశమంతటికీ తెలుసు. తంతి వచ్చింది. అందులో దేశం కోసం ప్రాణమిచ్చాడని ఉంది. శరీరం రాలేదు. కొన్నాళ్ళకి వాడి కింద పనిచేసిన సిపాయి ఒకడు, తుమకూరు వైపువాడు, చెయ్యి కట్టుతో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అమ్మ ముందు కూర్చున్నాడు. తమ్ముడికి తూటా తగల్లేదని చెప్పాడు. వెనక్కి నడిచి వస్తుండగా కాళ్ళు పోయాయని, నల్లగా అయ్యాయని, మోసుకొస్తామంటే తమని పొమ్మని తాను ఒక బండ పక్కన కూర్చున్నాడని చెప్పాడు. అమ్మ ఒకే ఒక్కటి అడిగింది. "కాళ్ళకి ఏమేసుకోని ఉన్నెప్పా?" సిపాయి తన కాళ్ళ వైపు చూపించాడు. గుడ్డ బూట్లే.

తమ్ముడి కర్మ ముగిసే పెద్ద దినం నాడు బంధువులంతా నడింట్లో కూర్చుని ఉన్నారు. ఒకాయన లేచి, వీరమరణం, వంశానికి పేరు, అని ఏదో మొదలుపెట్టాడు. మామ గోడకి ఆనుకుని ఉన్నవాడు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ముందు మన ఇంటి తప్పు చెప్తా" అన్నాడు. తాత మాట అది. ముసలివాళ్ళంతా తలలెత్తారు.

"అక్కా, ఆ కొండల్లో వానికి బూట్లు లేవని నాకు తెలుసు. వాడు పోకముందే తెలుసు. లండన్‌లో అన్ని దేశాలోళ్ళ ముందర చెప్పినా. నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పనని పైవాళ్ళకి మాటిచ్చినా, అందుకని నీకు చెప్పలేదు. కంబళి వద్దన్నింది నేనే."

మా అమ్మ లోపలికి పోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో కంబళి ఉంది. గుమ్మానికి ఎదురుగా, భోజనానికి కూర్చునే చోటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న చిలక్కొయ్యకి దాన్ని తగిలించింది. అక్కడ అంతకు ముందు నాయన కోటు ఉండేది, దాన్ని తీసేసి తగిలించింది. మామతో ఒక్క మాట అనలేదు. ఆ రోజు అన్నం మాత్రం అందరితో పాటు ఆయనకీ వడ్డించింది.

ఆ తర్వాత ఆయన మిలిటరీ వదిలేసి వచ్చాడు. అనంతపురంలో మా వీధి చివర చిన్న ఇల్లు తీసుకున్నాడు. నా ఉద్యోగం కోసం అమ్మా నేనూ అప్పటికే పట్నంలో ఉన్నాం. అమ్మ పల్లె నుంచి తెచ్చుకున్నవాటిలో ఆ కంబళి ఒకటి. ఇక్కడ కూడా భోజనాల చోటుకి ఎదురుగా చిలక్కొయ్య కొట్టించి దాన్ని తగిలించింది. మామ ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. అమ్మ వడ్డించేది. సంగటి, పప్పు, ఊరుబిండి పచ్చడి, ఏదైనా ఆయనకి ఇష్టమైనదే ఉండేది. మాట మాత్రం లేదు. ఆయన కంబళికి ఎదురుగా కూర్చుని తల వంచుకుని తినేవాడు, ఆకు మడిచేవాడు, వెళ్ళిపోయేవాడు. ఇంకోవైపు తిరిగి కూర్చోమని నేను చెబితే, "ఈడే బాగుండాది పాపా" అనేవాడు.

ఒకసారి ఆయన ఇంట్లో ఉండగా సూటిగా అడిగాను. గది మాట దాటకూడదన్న కట్టడిని పైవాళ్ళే తప్పిన తర్వాత, నువ్వు వాళ్ళకిచ్చిన మాట ఎందుకు మామా నిలబెట్టుకున్నావు అని. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఇచ్చింది నేను కదా పాపా. వాళ్ళు తప్పితే నాదీ తప్పిపోతాదా?"

"మరి అన్నీ ఇస్తారని అమ్మకి ఎందుకు చెప్పినావు? నమ్మినావా?"

"ఇంత గోల అయినంక బూట్లు పంపించే ఉంటారులే అనుకున్నా. నమ్మితే బాగుండునని నమ్మినా."

నాకు ఆ జవాబు సరిపోలేదు. ఇప్పటికీ సరిపోలేదు. ఒక మనిషి ఇచ్చిన మాట ఎంత గొప్పదైనా ఒక పిల్లవాడి కాళ్ళ కంటే గొప్పది కాదు. ఆయన మాట తప్పని మనిషి అని శవం దగ్గర అందరూ పొగుడుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు ఒక్క మాట తప్పి ఉంటే, "అక్కా, కంబళి ఇయ్యి, వాడు మోసకపోతాడు" అని ఉంటే, ఏ దేశం కూలిపోయేది? ఆయనకీ ఇది తెలుసు. నాకంటే బాగా తెలుసు. అందుకే ఆ కంబళికి ఎదురుగా కూర్చునేవాడు.

మా బడికి మాత్రం ఆయన వల్ల మేలు జరిగింది. నా క్లాసు పిల్లలకి పటం చదవడం నేర్పుతానని తానే అడిగి వచ్చేవాడు. గోడకి పటం తగిలించి, ముందు ఎవరి ఊరు వాళ్ళని వెతకమనేవాడు. మా పిల్లలు బుక్కరాయసముద్రం చెరువు దొరికితే పొంగిపోయేవాళ్ళు. ఆయన పటం మీద వేలు ఉత్తరానికి జరుపుతూ, "దీంట్లో అన్నీ సదునుగానే ఉంటాయి. ఎంత ఎత్తుందో నడిచేటోనికి తెలుస్తాది" అనేవాడు. పిల్లలకి నవ్వు వచ్చేది. అక్కడి నుంచి వేలు ఎప్పుడూ త్వరగా తీసేసేవాడు.

పట్నంలో ఆయన్ని 'లండన్ కర్నల్' అనేవాళ్ళు. ఏ సభ జరిగినా వేదిక మీద కూర్చోబెట్టడానికి పనికొచ్చేవాడు. పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసిన తర్వాత ఒక సభ పెట్టి ఆయన్ని మాట్లాడమన్నారు. ఆయన లేచి, "ముందు మన తప్పులు నాలుగు చెబుతాను" అన్నాడు. సభాధ్యక్షుడు ఉలిక్కిపడి, దండ చేతపట్టుకున్న మనిషికి సైగ చేశాడు. రెండో తప్పు మధ్యలో ఉండగానే మెడలో దండ పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మామ దండ తీసి బల్ల మీద పెట్టి, కూర్చున్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో, "లండన్‌లో పూర్తిగా మాట్లాడనిచ్చినారు పాపా" అని ఊరుకున్నాడు.

అదే యుద్ధం రోజుల్లో రేడియోలో వార్తలు వింటూ ఒకరోజు లేచి నిలబడ్డాడు. శత్రువుల ఫలానా దళం దెబ్బ తిన్నదని చెబుతున్నారు. ఇంట్లో ఉన్న మేమందరం సంతోషపడ్డాం. ఆయన ఆ దళాన్ని నడిపించేది ఎవరో గుర్తుపట్టాడు. "ఆయప్ప నా పక్క కుర్చీలో కూచునేటోడు. మన చెనిక్కాయల పొడి తిన్న మనిషి" అన్నాడు. ఆ మనిషి బతికి ఉన్నాడో లేదో ఆయనకి చివరిదాకా తెలియలేదు. తెలుసుకోవడానికి దారి కూడా లేదు. ఏ రెండు దేశాల వాళ్ళు తమ తప్పులు ఒకరి ముందు ఒకరు చెప్పుకోగలిగారో ఆ రెండింటినీ ఆ చదువు చెప్పించిన ప్రభుత్వాలే ఎదురెదురుగా నిలబెట్టాయి. అటువంటి కాలేజీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మనవాళ్ళు ఇప్పటికీ వెళ్ళి వస్తున్నారు. తిరిగొచ్చిన వాళ్ళు ఏం చెబుతారో వినే చెవి ఇక్కడ ఉందా అని మాత్రం ఎవరూ అడగడం లేదు.

మళ్ళీ ఆ రోజుకి వస్తాను. బడి నుంచి ఇంటికి పోయి అమ్మకి చెప్పాను. అమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. చేతులు ఆగాయి. "తిన్నాడంటనా?" అని అడిగింది. పొద్దున్నే కదా, ఏమీ తిని ఉండడన్నాను. ఒలిచినవి గిన్నెలోకి ఎత్తి, చేతులు కడుక్కుని, లోపలికి పోయి చాలాసేపు రాలేదు. నేను ఒక్కదాన్నే మామ ఇంటికి వెళ్ళాను.

పట్నంలో ఉన్న పాత సిపాయిలు నలుగురైదుగురు అప్పటికే వచ్చారు. ఎక్కడిదో ఒక జెండా తెచ్చి ఆయన మీద కప్పారు. రిటైరైన మనిషికి జెండా కప్పవచ్చో లేదో నాకు తెలియదు. వద్దనడానికి పైనుంచి ఎవరూ రాలేదు. ఆ జెండా కాస్త పొట్టిది. మామ పొడుగు మనిషి. పాదాలు రెండూ బయటే ఉండిపోయాయి. ఒక సిపాయి కిందికి లాగితే ఇటు ముఖం బయటపడుతోంది. పైకి జరిపితే మళ్ళీ కాళ్ళు.

మధ్యాహ్నం దాటుతుండగా గుమ్మం దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. మా అమ్మ వస్తోంది. బయట మార్చి నెల ఎండ, నేల మీద కాలు పెడితే కాలుతోంది. ఆమె భుజం మీద ఆ నల్ల కంబళి ఉంది. జనం తప్పుకుని దారి ఇచ్చారు. ఎవరో ఒక ఆడమనిషి ఉండబట్టలేక, "ఏమక్కా, ఈ ఎండకి కంబళి ఏంటికి?" అంది. అమ్మ వినిపించుకోలేదు. నేరుగా మామ కాళ్ళ దగ్గరికి పోయి కూర్చుంది. జెండా తియ్యకూడదని సిపాయి అనబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె జెండా తియ్యలేదు. అంచు కొద్దిగా ఎత్తి, దాని కింద నుంచి కంబళి దూర్చి, పాదాల మీదికి లాగి, వేళ్ళు కనిపించకుండా చుట్టూ దోపింది. చిన్నప్పుడు మా ఇద్దరికీ అలాగే దోపేది.

"కాళ్ళు కప్పుకోరా" అంది.

అన్నేళ్ళ తర్వాత తన తమ్ముడితో ఆమె అన్న మాట అది. వినవలసిన వాడు వినలేదు. ఆమె ఏడవలేదు, లేచి పక్కకి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది. నేను ఏడ్చాను, ఇద్దరి మీదా కోపంతో ఏడ్చాను.

మావాళ్ళు పూడుస్తారు. గుంతలో దించే ముందు సిపాయిలు జెండా తీసి, జాగ్రత్తగా మడిచి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. జెండా వెనక్కి ఇవ్వాలి కాబోలు. కంబళిని ఎవరూ అడగలేదు. అది ఆయన కాళ్ళకి చుట్టుకునే పోయింది.

మొన్న ఆదివారం అమ్మ అలవాటు ప్రకారం ఇంకొక ఆకు వేసింది. వేశాక గుర్తొచ్చి కాసేపు నిలబడింది. తియ్యలేదు. నేను ఆ ఆకు పక్కన కూర్చుని తిన్నాను. ఎదురుగా చిలక్కొయ్య ఖాళీగా ఉంది. దాని కింద గోడ మీద, ఇన్నాళ్ళూ కంబళి కప్పిన మేర, సున్నం ఇంకా కొత్తగా తెల్లగా ఉంది.